తోబుట్టువులు ఐదుగురు

కలొలైనే నవ్వితే చర్చిలో పాట తప్పేదని చెప్పుకొనేవారు. మనిషి ఎంత పెద్దదో నవ్వూ అంతే పెద్దది. మెల్‌బోర్న్ పడమటి శివారులో, రైలు కట్టకు అవతల ఉండే, పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన టాంగా వాళ్ళలో ఆవిడ తెలియని ఇల్లు లేదు. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయా పని చేసేది. ఇద్దరు పట్టాల్సిన ముసలాయన్ని ఒక్కతే చంకనెత్తి కుర్చీలో కూలేసి, "ఏం తాతా, నిన్నటికంటే బరువెక్కావు, దొంగచాటుగా ఎవరు పెడుతున్నారు నీకు?" అని దబాయించేది. ఆ ముసలాయన రోజంతా ఆ మాటే తలుచుకుని నవ్వుకునేవాడు.

ఇంట్లో ఐదుగురు పిల్లలు. ముగ్గురు ఆవిడ భర్త పౌలియాసి అన్నగారి బిడ్డలు, ఇద్దరు పౌలియాసి చెల్లెలి బిడ్డలు. అందరూ పాలు మరవకముందే వచ్చినవాళ్ళే. ఆవిడ కడుపు మాత్రం పండలేదు. అందుకు ఆవిడ ఏడవగా చూసినవాడు పౌలియాసి ఒక్కడే. అతను చెప్పే రకం కాదు. ఆ ఇంట్లో ఎవరి పిల్లలు ఎవరని అడిగితే కొట్టినంత పని చేస్తారు. పెంచినామె అమ్మ. అమ్మ చెల్లెలూ అమ్మే, అమ్మ అక్కా అమ్మే, వాళ్ళ బిడ్డలంతా అన్నదమ్ములే, అక్కచెల్లెళ్ళే. పెద్దమ్మ కొడుకుని అన్నయ్య అని పిలిచే మనకు ఇందులో వింతేముంది? వింత పడేవాళ్ళు వేరే ఉన్నారు. కథంతా అక్కడే పాడైంది.

ఆరోది లొసలినే. కలొలైనే చెల్లెలు ఫుసి టాంగాలో, సముద్రం మధ్య పీటేసినట్టుండే ఓ చిన్న దీవిలో ఉంటుంది. మొగుడు చేపలు పడతాడు. పిల్లలున్నారు. మళ్ళీ నెల తప్పగానే ఫోను చేసి, "అక్కా, ఈసారి నా కడుపులో ఉన్నది నీది" అంది. ఇంకో మాట లేదు. కలొలైనే వెళ్ళింది, బిడ్డను తెచ్చుకుంది. ఫుసి తమ నానమ్మ అల్లిన పాత చాపలో చుట్టి ఇచ్చింది బిడ్డను. అది నేలమీద పరిచే చాప కాదు. తరాల నుంచి చేతులు మారి పట్టుగుడ్డలా మెత్తబడిన చాప. ఒకసారి ఇచ్చాక కన్నతల్లి ఆ ఊసెత్తకూడదు. ఎత్తితే ఇచ్చినట్టు కాదు. ఫుసి ఎత్తలేదు. ఫోనులో "నీ కూతురు ఎలా ఉందక్కా?" అనే అడిగేది.

నీ కూతురు బానే ఉంది, ముక్కు తప్ప. పిల్లకు ఎప్పుడు చూసినా ముక్కు కారుతూనే ఉండేది. ఊపిరి గురగురమనేది. పడమటి శివారులో వసంతం వస్తే సగం జనానికి తుమ్ములే. ఊరి చుట్టూ ఉన్న గడ్డి మైదానాల మీంచి పుప్పొడి మబ్బులా వచ్చి పడుతుంది. వీధి చివరి క్లినిక్కులో డాక్టరు పిల్లను చూసి, "ఎలర్జీ" అన్నాడు. ఆవుపాలు మానమన్నాడు, మానారు. గుడ్డు మానమన్నాడు, మానారు. చుక్కల మందు ఇచ్చాడు. చలికాలం వచ్చి గడ్డి అంతా తడిసి అణిగిపోయింది, పిల్ల ముక్కు మాత్రం ఆగలేదు. అప్పుడాయన ఇల్లంతా ఎలా ఉంటుందో అడిగి, "చాపలా? చాపల్లో దుమ్ము ఎంతుంటుందో తెలుసా తల్లీ? తీసేయండి" అన్నాడు.

టాంగా ఇంట్లో చాపలు తీసేయమంటే మన ఇంట్లో దేవుడి పటాలు తీసేయమన్నట్టు. అయినా కలొలైనే తీసింది. ఒక్కో చాపా చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి గరాజులో పైకెక్కించింది. నానమ్మ చాప కూడా. "పిల్ల కంటే ఎక్కువా?" అని తనకు తనే చెప్పుకుంది. పెద్ద కూతురు టెలేసియా పన్నెండో క్లాసు చదువుతోంది, దానికి నోరెక్కువ. "అమ్మా, ఆ డాక్టరు నిన్ను కూడా గరాజులో పెట్టమంటాడు చూడు, నీ జుట్టులో కొబ్బరినూనె వాసనకి తుమ్ములొస్తున్నాయని" అంది. కలొలైనే చెప్పు తీసి విసిరింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పిల్ల తల పెద్దది. చర్చి అమ్మలక్కలకు అది ముచ్చట. "దొరల తల, రాచపుట్టుక. చూడవే ఆ నుదురు!" అని ముద్దులాడేవాళ్ళు. బొడ్డు బుడిపెలా పొడుచుకొస్తే, ఏడుపుకి అలా వస్తుందిలే అన్నారు. వీపు మీద గూని లాంటిది కనిపించింది. కూర్చోవడం చేతకాదు, నేర్చుకుంటుందిలే అన్నారు. పసిపిల్లలకు తూకం వేసే సెంటర్లో నర్సు ఒకరోజు పిల్ల చొక్కా ఎత్తి వెన్ను మీద వేలితో రాసి చూసింది. వేళ్ళు చాపమంటే చాపలేకపోతున్న చేతిని చూసింది. లోపలికెళ్ళి పిల్లల పెద్దాసుపత్రికి ఫోను చేసింది. పిల్లకు రెండేళ్ళు నిండబోతున్నాయి.

పెద్దాసుపత్రిలో డాక్టర్ మార్కెట్టి అని ఒకావిడ, నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. ఒంట్లోని రసాయనాలు పుట్టుకతో తేడాచేసిన పిల్లలనే చూస్తుందావిడ. కలొలైనేకు ఇంగ్లీషు వచ్చినా, పెద్ద మాట కాబట్టి దుబాసీని పెట్టారు. ఆ దుబాసీ సైమోనే, వాళ్ళ చర్చిలోనే పాటలు పాడించే పెద్దమనిషి.

"ఇది ఎలర్జీ కాదమ్మా. వీధిలో చెత్తబండి వస్తుంది కదా, అలాగే ఒంట్లో పాతదాన్ని ఊడ్చుకుపోయే పనివాళ్ళుంటారు. మీ పాప ఒంట్లో ఒక పనివాడు పుట్టుకతోనే లేడు. ఆ చెత్త గుండెలో, ఎముకల్లో, గొంతులో, మెదడులో పేరుకుంటోంది. ముక్కు కారడం అందుకే."

"మందుందా?"

"వారం వారం ఎక్కించే మందుంది. అది ఒంటికి పనిచేస్తుంది, మెదడు దాకా పోదు. మెదడు దక్కాలంటే వేరేవాళ్ళ రక్త మూలకణాలు ఎక్కించాలి. అంటే రక్తాన్ని పుట్టించే కణాలు. అవి కుదురుకుంటే ఆ పనివాణ్ణి తోడు తీసుకొస్తాయి. కానీ మెదడు చెడకముందే జరగాలి. మనకు నెలలే ఉన్నాయి, ఏళ్ళు లేవు. ఎవరివంటే వాళ్ళవి సరిపోవు. తోబుట్టువులవైతే మేలు. ఈ పాపకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎంతమంది?"

సైమోనే ఆ మాట టాంగా భాషలోకి మార్చాడు. ఆ భాషలో దానికి ఉన్న మాట ఒకటే. అందులో కడుపు ఊసు లేదు.

"ఐదుగురు" అంది కలొలైనే, కొంచెం గర్వంగానే.

"ఐదుగురు" అన్నాడు సైమోనే. బిడ్డ ఊరొచ్చిన రోజు జరిగిన విందులో పందిమాంసం, కర్రపెండలం తిన్నవాళ్ళలో ఆయనా ఒకడు. ఎవరి బిడ్డో ఆయనకు తెలుసు. చర్చి మొత్తానికి తెలుసు. తెలియనిది ఆ ఆసుపత్రికే.

డాక్టర్ మార్కెట్టి ముఖం వెలిగిపోయింది. "ఐదుగురా! ఒక్కొక్కరికీ నాలుగింట ఒకటి అవకాశం. ఐదుగురంటే చాలా ఆశ ఉందమ్మా. తల్లి మీరే కదా?"

"నేనే" అంది కలొలైనే.

అబద్ధం ఎక్కడుంది చెప్పండి అందులో?

ఐదుగురూ వరుసగా రక్తం ఇచ్చారు. కలొలైనే ఇచ్చింది, పౌలియాసి ఇచ్చాడు. టెలేసియా చేతికి దూది నొక్కుకుంటూ, "నాది సరిపోతే చూడు, ఇది నాలాగే వాగుతుంది. అప్పుడు నువ్వు ఇల్లొదిలి పారిపోతావమ్మా" అంది. ఆ ఆదివారం చర్చిలో పేరుపెట్టి ప్రార్థన చేశారు. చామాకుల్లో మాంసం పెట్టి కొబ్బరిపాలు పోసి కాల్చి పంచారు. అందరి నోటా ఒకటే మాట, ఐదుగురున్నారు, ఇంకేం భయం లేదని.

కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి ఫోను. రక్తంలో ఏదో తేడా వచ్చింది, సీసాలు మారిపోయాయేమో, మళ్ళీ తీస్తామన్నారు. మళ్ళీ ఇచ్చారు. ఈసారి డాక్టర్ మార్కెట్టి కలొలైనేను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు వేసింది. సైమోనే మాత్రం పక్కన కూర్చున్నాడు.

"ఎలా అడగాలో తెలియడం లేదు, తప్పుగా అనుకోకండి. తల్లి రక్తంలో సగం బిడ్డకు కలవాలి. మీది కలవలేదు. ఆయనదీ కలవలేదు. పాపను మీరే..."

"నేనే తల్లిని" అంది కలొలైనే. కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నాకే ఇచ్చాడు దేవుడు."

డాక్టరు ఆవిడ ముఖంలోకి కాసేపు చూసింది. పరాయి ఇంటి గుట్టు, పరాయి జాతి. ఎక్కడ నొప్పిస్తానో అని ఇంకేమీ అడక్కుండా ఆగిపోయింది పాపం. ప్రపంచంలో ఎక్కడెక్కడ రక్తదాతల పేర్లున్నాయో అక్కడంతా వెతుకుతామని, బొడ్డుతాడు రక్తం దాచే చోట్లా చూస్తామని చెప్పి పంపేసింది. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఇంటికొచ్చాక టెలేసియా వంటింట్లో అడిగింది. "ఏమన్నారమ్మా?"

"వెతుకుతారంట."

"అమ్మా... ఆవిడ అడుగుతున్నది మనం ఎవరి కడుపున పుట్టామని. మేం బడిలో చదివాం ఇది. నేనూ లొసలినే ఒక కడుపున పుట్టలేదు కదా. ఫుసి పిన్ని దగ్గర పిల్లలున్నారు, వాళ్ళ రక్తం..."

చెంప ఛెళ్ళుమంది. ఆ ఇంట్లో పిల్లలమీద కోపంతో చెయ్యెత్తడం ఎవరూ ఎరగరు. కలొలైనే తన చెయ్యి తనే చూసుకుంది. "ఆ మాట మళ్ళీ ఈ ఇంట్లో వినబడకూడదు" అని లోపలికెళ్ళిపోయింది.

తెలియక కాదు. తెలిసే. ఆ మాట ఒక్కసారి పైకి అంటే లొసలినే తన బిడ్డ కాకుండా పోతుందని ఆవిడ భయం. ఇచ్చినదాన్ని ఇవ్వలేదని చెల్లెలితో అనిపించడం ఏ మొహం పెట్టుకుని? పైగా ఆసుపత్రివాళ్ళు, వీసావాళ్ళు, ఎవరు వచ్చి పిల్లను లాక్కుపోతారో అని లోపల ఇంకో గుబులు. దాతలు ఎక్కడో దొరుకుతారులే, భూమ్మీద ఇంతమంది లేరా, అనుకుంది. వారం వారం పిల్లను తీసుకెళ్ళి మందు ఎక్కించుకొచ్చేది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది. నవ్వడం మాత్రం మానేసింది.

దీవులవాళ్ళ పేర్లు ఆ జాబితాల్లో ఎన్నుంటాయి? పిడికెడు. ఒక్కటీ కలవలేదు. బొడ్డుతాడు రక్తం ఒకచోట కాస్త కలిసింది, కానీ ఆ పిల్ల ఒంటికి చాలదన్నారు. ఈలోగా లొసలినేకు వచ్చిన మూడు మాటల్లో రెండు పోయాయి. మొదట పోయింది "నీళ్ళు". తరువాత టెలేసియాను పిలిచే "తే". అమ్మ అనే మాట మిగిలింది. ఒకరోజు పొద్దున్న పాలసీసా ఇస్తే దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూసింది పిల్ల.

అప్పుడెళ్ళింది కలొలైనే, సైమోనే ఇంటికి. ఆయన వాకిట్లో కూరపాదులకు నీళ్ళు పెడుతున్నాడు.

"అన్నా, ఆరోజు ఆవిడ అడిగినప్పుడు నీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

సైమోనే పైపు కింద పెట్టాడు. "నేనెవర్నమ్మా చెప్పడానికి? నువ్వు తల్లివన్నావు. నేను తల్లి అన్నాను. నువ్వు ఐదుగురన్నావు. నేను ఐదుగురన్నాను. నీ నోట్లోంచి రాని మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది?" వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. "పద, ఇప్పుడు చెబుదాం. ఇద్దరం కలిసి చెబుదాం."

డాక్టర్ మార్కెట్టి అంతా విని కళ్ళు మూసుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని తరువాత కలొలైనే పౌలియాసితో అంది. "నేనే ఇంకోలా అడిగి ఉండాల్సింది" అని మాత్రం అందావిడ. అని, వెంటనే ఫోను తీసింది.

ఫుసికి ఫోను చేయాల్సింది మాత్రం కలొలైనే. "చెల్లీ, నీ కడుపున పుట్టిన పిల్లల రక్తం కావాలి, లొసలినే కోసం. దాని... తోబుట్టువుల రక్తం." అటువైపు సముద్రం హోరు వినబడింది. తరువాత ఫుసి అంది, "ఇన్నాళ్ళూ ఎందుకడగలేదే అక్కా? ఒళ్ళంతా తోడి ఇచ్చేదాన్ని కదే."

ఆ దీవికి పడవ రోజూ ఉండదు. రక్తం సీసాలు పడవెక్కి, విమానమెక్కి, చెడిపోయి, మళ్ళీ తీసి, మళ్ళీ ఎక్కి వచ్చాయి. ఫుసి రెండో కొడుకు మొసెసే రక్తం కలిసింది. అచ్చంగా కలిసింది. నూటికి నూరు పాళ్ళు. తరువాత వాడికీ, తల్లికీ వీసా. తుఫాను వచ్చి విమానాలు ఆగాయి. ఇవన్నీ ఎవరి తప్పూ కాదు. కాలం మాత్రం లొసలినేదే ఖర్చయింది.

ఆ ఎదురుచూపుల్లోనే ఒకరోజు ఆసుపత్రి పై అంతస్తు నుంచి ఓ కుర్ర శాస్త్రవేత్త దిగివచ్చాడు. పిల్ల చర్మం చిటికెడు తీసుకుంటామన్నాడు. దాతలతో పనిలేకుండా, పిల్లల సొంత కణాలనే వెనక్కి మళ్ళించి, బాగుచేసి, రక్త మూలకణాలుగా మార్చే పని చేస్తున్నారట పైన.

"అయిందా?" అనడిగింది కలొలైనే ఆశగా.

"ఎలుకల్లో కుదిరిందండి."

"ఎలుకలకు కుదిరి నా బిడ్డకు కుదరదా?"

ఆ కుర్రాడు తల దించుకున్నాడు. "ఇంకా కొన్నేళ్ళు పడుతుందండి. ఇప్పుడు తీసుకునేది రాబోయే పిల్లల కోసం." కలొలైనే పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. "తీసుకో నాయనా. ఎవరి పిల్లో ఒకరు బాగుపడనీ" అంది. మనసులో మాత్రం ఆ ఎవరి పిల్లనో తిట్టుకుంది. ఆ సంగతి చాలా రోజుల తరువాత తనే చెప్పింది టెలేసియాకు.

ఫుసి వచ్చింది. విమానాశ్రయంలో, వాళ్ళ మర్యాద ప్రకారం నడుముకు చిన్న చాప చుట్టుకుని, మొసెసే చెయ్యి పట్టుకుని, ఎండకు నల్లబడి, బక్కగా. లొసలినేను చూసి దగ్గరికి తీసుకోలేదు. చేతులు చాపబోయి, వెనక్కి తీసుకుని, అక్కను కావిలించుకుంది. పిల్ల ఎవరినీ చూడలేదు. పైకప్పు లైటు వైపు చూస్తోంది.

మొసెసేను పరీక్ష చేశారు, బాగున్నాడు. లొసలినే తలకు స్కాను తీశారు, గుండెకు తీశారు. తరువాత అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. డాక్టర్ మార్కెట్టి, ఇంకో ఇద్దరు డాక్టర్లు, సైమోనే, పౌలియాసి, అక్కాచెల్లెళ్ళు. బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె పెట్టి ఉంది. అది చూడగానే పౌలియాసికి అర్థమైపోయింది.

"మెదడు చాలా చెడింది. గుండె కవాటాలు చెడ్డాయి. ఇప్పుడు మూలకణాలు ఎక్కించాలంటే ముందు గట్టి మందులివ్వాలి. ఆ మందులకే పాప పోవచ్చు. బతికినా, పోయిన తెలివి తిరిగి రాదు. మేమందరం కూర్చుని ఆలోచించాం. చేయకపోవడమే దయ అనిపిస్తోంది. ఊపిరి ఆడకపోతే మిషను పెట్టాలా వద్దా, అదీ మీరే చెప్పాలి." చెప్పింది డాక్టర్ మార్కెట్టి. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, ఈసారి చాలా జాగ్రత్తగా, ఫుసి వైపు తిరిగి అడిగింది. "కన్నతల్లి మీరు. మీ మాట వినాలి మేము."

సైమోనే మార్చి చెప్పాడు. ఫుసి తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఊపింది.

"నన్నడక్కండి. నేను ఇచ్చేశాను. నాకు మాట లేదు. తల్లి అదిగో."

గదిలో అందరూ కలొలైనే వైపు చూశారు. ఎన్నో నెలల కింద, ఇదే అంతస్తులో, ఇదే ప్రశ్నకు ఎంత సులువుగా జవాబు చెప్పిందో ఆవిడకు గుర్తొచ్చింది. ఇప్పుడు కాదంటే ఆ బరువు చెల్లెలి మీద పడుతుంది. ఔనంటే తన నోటితోనే చెప్పాలి. ఒళ్ళో పిల్ల గురగురమని ఊపిరి తీస్తోంది.

"తల్లి ఎవరమ్మా?" అని సైమోనే అడిగాడు. ఆయనకు తెలుసు. అయినా అడగాలి కాబట్టి అడిగాడు.

"నేనే" అంది కలొలైనే. "మిషను వద్దు. ఏమీ వద్దు. ఇంటికి తీసుకుపోతాం."

ఇంటికొచ్చాక పౌలియాసి గరాజులో నిచ్చెన వేసి చాపలన్నీ దించాడు. కవర్లు చించి, దులిపి, ముందుగదిలో పరిచారు. అన్నిటికంటే పైన నానమ్మ చాప వేసి దానిమీద లొసలినేను పడుకోబెట్టారు. టెలేసియా వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఆ చెంపదెబ్బ తరువాత అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

ఫుసి చాప అంచు చేతిలోకి తీసుకుని చూసింది. మడతలు పడ్డచోట చిరుగుపట్టి ఉంది.

"ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ పెట్టావక్కా?"

"గరాజులో. జలుబు దీనివల్లేనన్నారు."

ఫుసి నవ్వబోయింది, నవ్వు రాలేదు. కలొలైనే తన నడుముకు కట్టుకున్న గుడ్డ అంచుతో పిల్ల ముక్కు తుడిచింది. మళ్ళీ కారింది. మళ్ళీ తుడిచింది.